వేలి వేగం వేరు, చదివే నేర్పు వేరు

ఫోను చేతికిచ్చిన అయిదు నిమిషాల్లో పిల్లలు అందులోని మూలమూలా తిరిగి వస్తారు. పెద్దవాళ్లు అరగంట వెతికినా కనిపించని సెట్టింగును చిటికెలో తెరిచి చూపిస్తారు. ఆ చురుకుదనం చూసి ‘వీళ్లకు మనం నేర్పేదేముంది’ అనుకోవడం ఇళ్లలోనూ, పాఠశాలల్లోనూ అలవాటైపోయింది. 2001లో అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ ఈ తరానికి ‘డిజిటల్ నేటివ్స్’ అని పేరు పెట్టిన తర్వాత ఆ అభిప్రాయానికి సిద్ధాంతపు హోదా కూడా దక్కింది. కంప్యూటర్ల లోకంలోనే పుట్టి పెరిగారు కాబట్టి ఆ లోకపు భాష వాళ్లకు మాతృభాషలా వచ్చేస్తుందన్నది దాని సారాంశం.

పరీక్ష పెట్టి చూస్తే ఆ మాట నిలబడలేదు. ఎనిమిదో తరగతి పిల్లల కంప్యూటర్, సమాచార నైపుణ్యాలను కొలిచే ఐసీఐఎల్‌ఎస్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2018లో డజను దేశాల్లో జరిగింది. దొరికిన సమాచారంలో ఏది పనికొస్తుందో, ఏది నమ్మదగిందో తమంతట తాము తూచి చెప్పగలిగే అత్యున్నత స్థాయిని అందుకున్నవాళ్లు ఎంతమందో తెలుసా? వందకు ఇద్దరు. చేతికి పరికరం ఇచ్చినంత మాత్రాన నైపుణ్యం రాదని, దాన్ని పనిగట్టుకుని నేర్పాలని ఆ నివేదిక తేల్చింది.

అయితే ఏమిటి నేర్పాలి? చాలాచోట్ల డిజిటల్ అక్షరాస్యత పేరుతో జరిగేది ఏడాదికొకసారి ఒక ఉపన్యాసం. అపరిచితులతో మాట్లాడవద్దు, ఫొటోలు పంపవద్దు, పాస్‌వర్డ్ చెప్పవద్దు, తెలియని లింకులు నొక్కవద్దు. అన్నీ సరైన మాటలే. కానీ ఎదురుగా ఉన్నవాడు అపరిచితుడని ఎలా పోల్చుకోవాలి, లింకు తెలియనిదని ఎలా తెలుస్తుంది, అన్నీ తెలిసి కూడా పొరపాటు జరిగిపోతే ఆ తర్వాతి గంటలో ఏం చేయాలి అనే మూడు ప్రశ్నలకు ఆ ఉపన్యాసంలో జవాబు ఉండదు. పిల్లలకు నిజంగా అవసరమయ్యేవి ఆ జవాబులే.

పేజీ వదిలి బయటికి రావడం

ముందుగా చదవడం సంగతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 రాష్ట్రాల విద్యార్థుల నుంచి 7,804 సమాధానాలు సేకరించి 2016లో ఒక నివేదిక ఇచ్చారు. ఒక వెబ్‌సైట్ మొదటి పేజీలో వార్త ఏదో, ప్రకటన ఏదో చెప్పమని మాధ్యమిక తరగతుల పిల్లలను అడిగారు. ‘స్పాన్సర్డ్ కంటెంట్’ (డబ్బు తీసుకుని వేసినది) అని పైన అచ్చేసి ఉన్న ప్రకటనను 80 శాతానికి పైగా పిల్లలు వార్తే అనుకున్నారు. ఆ అక్షరాలు వాళ్ల కంట పడకపోలేదు. కొందరైతే ఆ మాటను ప్రస్తావిస్తూనే అది వార్త అని రాశారు. అక్షరం తెలిసింది, దాని వెనకున్న వ్యాపారం తెలియలేదు.

మూడేళ్ల తర్వాత అదే బృందం 3,446 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఒక మసక వీడియో చూపించింది. అమెరికా ఎన్నికల్లో అక్రమాలకు సాక్ష్యమంటూ సామాజిక మాధ్యమంలో తిరిగిన వీడియో అది. 52 శాతం మంది అది బలమైన సాక్ష్యమేనన్నారు. నిజానికి ఆ దృశ్యాలు రష్యావి. పరీక్ష రాస్తున్నప్పుడు ఇంటర్నెట్ వాడుకోవచ్చని ముందే చెప్పారు. అయినా వెతికి, వీడియో అసలు మూలాన్ని పట్టుకున్నవాళ్లు ముగ్గురే. దాని గురించి మరెవరైనా ఏమన్నారో చూడాలని మిగతావాళ్లలో చాలామందికి తోచలేదు.

ఇది తెలివితక్కువతనం కాదు. అదే విశ్వవిద్యాలయంలో 2017లో వెలువడిన మరో పరిశోధన ఈ విషయాన్ని బాగా విప్పి చూపింది. పది మంది చరిత్ర ఆచార్యులను, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న పది మంది ఫ్యాక్ట్ చెకర్లను, పాతిక మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. పిల్లల వైద్యుల సంఘాలుగా చెప్పుకునే రెండు సంస్థల వెబ్‌సైట్లు చూపించి ఏది ఎక్కువ నమ్మదగిందో చెప్పమన్నారు. ఒకటి 1930లో ఏర్పడి పదుల వేల మంది సభ్యులున్న వృత్తి సంఘం. రెండోది సామాజిక విధానాలపై విభేదించి దాని నుంచి విడిపోయిన చిన్న బృందం. రెండింటి పేర్లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, పేజీలు రెండూ పొందికగానే ఉంటాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది రెండోదాన్నే నమ్మారు. పుస్తకాలతోనే జీవితం గడిపిన ఆచార్యుల్లోనూ చాలామంది తటపటాయించారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం నిమిషాల్లో తేల్చేశారు.

తేడా ఎక్కడొచ్చింది? విద్యార్థులు, ఆచార్యులు ఇచ్చిన పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. వ్యాసం కింద ఆధారాలున్నాయా, భాష బాగుందా, సంస్థ తన గురించి ఏమని రాసుకుంది అని చూశారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీ తెరిచిన కొద్ది క్షణాల్లోనే దాన్ని వదిలేసి పక్కన కొత్త ట్యాబ్ తెరిచారు. ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. దీనికే ‘పక్కకు చదవడం’ అని పేరు. వెతికితే వచ్చిన ఫలితాల్లో మొదటిదాన్ని వెంటనే నొక్కకుండా, కింద ఉన్న రెండు వరుసల పరిచయాలను, చిరునామాలను ముందు చదివి ఆ తర్వాతే ఎంచుకున్నారు. అంటే తక్కువ చదివి ఎక్కువ తెలుసుకున్నారు.

పాఠశాల నేర్పే క్రమశిక్షణకు ఇది నేరుగా ఎదురు నడుస్తుంది. ఇచ్చిన పాఠాన్ని చివరిదాకా చదవమని, పక్కచూపులు చూడవద్దని మొదటి తరగతి నుంచి చెబుతూ వస్తాం. పాఠ్యపుస్తకం విషయంలో అది మంచి అలవాటు. పుస్తకాన్ని ఎవరో ముందే పరిశీలించి చేతికిచ్చారు కాబట్టి అది చెల్లుతుంది. ఎవరైనా ఏదైనా రాసిపెట్టగల చోట అదే శ్రద్ధ మోసగాడికి ఉపయోగపడుతుంది, ఎందుకంటే పేజీలో ఏముండాలో నిర్ణయించేది అతడే. చిరునామా చివర ‘.ఓఆర్‌జీ’ ఉంటే నమ్మవచ్చు, ‘మా గురించి’ పేజీ ఉంటే మంచిది, అక్షరదోషాలుంటే అనుమానించాలి అంటూ ఇప్పటికీ కొన్నిచోట్ల పంచుతున్న పట్టికలు ఈ కారణంగానే హాని చేస్తాయి. ‘.ఓఆర్‌జీ’ చిరునామాను ఎవరైనా కొనుక్కోవచ్చు. కృత్రిమ మేధతో దోషం లేని భాష రాయించడం ఇప్పుడు అందరికీ చేతనైన పని. నకిలీ ఫొటోలో చేతికి ఆరు వేళ్లుంటాయన్న గుర్తు కూడా పాతబడిపోయింది. ‘ఇది చూడటానికి నిజంలా ఉందా’ అని అడగడం మాన్పించి, ‘దీన్ని ఎవరు పెట్టారు, వాళ్లకు ఇందులో ఏం లాభం, ఇదే సంగతి మరెక్కడైనా ఉందా’ అని అడగడం అలవాటు చేయాలి.

ఈ అలవాటు చేయించడానికి ఏళ్లు పట్టవు. ఒక అమెరికన్ నగరంలోని ఉన్నత పాఠశాలల్లో 50 నిమిషాల చొప్పున ఆరు పాఠాలు చెప్పి, చెప్పని తరగతులతో పోల్చి చూశారు. పాఠాలు విన్న పిల్లలు మూలాలను అంచనా వేయడంలో స్పష్టంగా మెరుగుపడ్డారని 2022లో ప్రచురితమైన ఆ అధ్యయనం చెప్పింది. ఆరు పీరియడ్లు దొరకని పాఠశాల ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రతిదాన్నీ అనుమానించమని నేర్పితే పిల్లలు వివేకవంతులు కారు, దేన్నీ నమ్మని స్థితికి చేరతారు. అన్నీ అబద్ధాలే అనుకున్న విద్యార్థి చివరికి తనకు నచ్చినదాన్నే నిజం చేసుకుంటాడు. అందుకే అబద్ధాలను పట్టుకునే పాఠం ఎంతసేపు నడిస్తే, నమ్మదగినదాన్ని గుర్తించే పాఠమూ అంతసేపు నడవాలి. తప్పు దిద్దుకుంటూ సవరణ ప్రచురించిన పత్రికను, తన పద్ధతిని బయటపెట్టిన పరిశోధనను తరగతిలో చూపించి, ఇవి ఎందుకు విశ్వసనీయమో పిల్లలతోనే చెప్పించాలి.

పంచుకునే చేతిని ఒక్క క్షణం ఆపడం కూడా ఇందులో భాగమే. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా వ్యాపించిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నిజమైన వార్త కంటే అబద్ధపు వార్తను ఇతరులు పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువ. దానికి కారణం ప్రోగ్రాములు నడిపే యాంత్రిక ఖాతాలు (బాట్‌లు) కావు, మనుషులే. ఆశ్చర్యం, అసహ్యం కలిగించే కబురు చేతిని ముందుకు తోస్తుంది. ఒక సందేశం చదవగానే కోపమో, ఉద్వేగమో ముంచెత్తిందంటే అదే ఆగాల్సిన చోటని పిల్లలకు చెప్పవచ్చు. సొంత మనసును గమనించే ఈ పాఠం ఏ సాంకేతిక పాఠానికీ తీసిపోదు.

నల్లబల్ల మీద ఒక చిరునామా

లింకుల విషయంలో ‘తెలియనివి నొక్కవద్దు’ అనే మాట ఎందుకు పనిచేయదంటే, మోసపు లింకు ఎప్పుడూ తెలిసినదానిలాగే వస్తుంది. నేర్పాల్సింది చిరునామా చదవడం. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు, నల్లబల్ల చాలు. ‘లాగిన్.మనబడి.కామ్.బహుమతి.నెట్/ఫలితాలు’ అని ఉపాధ్యాయుడు బల్ల మీద రాసి, ఇది ఎవరి ఇల్లో చెప్పమని అడగాలి. తరగతిలో చాలామంది ‘మనబడి’ అంటారు, కంటికి ముందు ఆనేది అదే కాబట్టి. అప్పుడు చెప్పాలి: ముందు ‘హెచ్‌టీటీపీఎస్://’ ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూడండి, అక్కడి నుంచి ఎడమకు వెనక్కి రండి. ఆ గీతకు ఆనుకుని ఉన్న చివరి రెండు ముక్కలే ఇంటి యజమాని పేరు. ఇక్కడ యజమాని ‘బహుమతి.నెట్’. దానికి ఎడమవైపు ఉన్నదంతా ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్టు తగిలించుకున్న బోర్డు. కొన్ని దేశాల చిరునామాల్లో చివరి మూడు ముక్కలు చూడాల్సి వస్తుంది, ఆ మినహాయింపును కూడా ఒక ఉదాహరణతో చెప్పేస్తే సరి. ఇలాంటివి పది రాసి పది నిమిషాలు సాధన చేయిస్తే పిల్లలు దాన్ని ఆటలా పట్టేస్తారు, ఇంటికెళ్లి పెద్దవాళ్ల ఫోన్లలోని సందేశాలను కూడా పరీక్షిస్తారు.

బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపిస్తే క్షేమమన్న పాత పాఠాన్ని మాత్రం వెనక్కి తీసుకోవాలి. తాళం చెప్పేది మధ్యదారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతలి కొసన ఉన్నది ఎవరో అది చెప్పదు. నకిలీ సైట్లు కూడా ఆ తాళాన్ని సులువుగా సంపాదిస్తున్నాయి. జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారని గమనించి, గూగుల్ సంస్థ 2023లో తన క్రోమ్ బ్రౌజర్ నుంచి ఆ బొమ్మనే తీసేసింది.

పాస్‌వర్డ్‌ల సంగతీ అంతే. ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు, మూడు నెలలకోసారి మార్పు అనే నియమాల వెనుక 2000ల తొలినాళ్లలో అమెరికా ప్రమాణాల సంస్థ ‘నిస్ట్’ ఇచ్చిన సూచనలున్నాయి. జనం ఒకే మాట చివర ఒకటి, రెండు, మూడు అని మారుస్తూ కాలం గడిపారు. 2017లో అదే సంస్థ ఆ సలహాను సవరించి, పొడవే ముఖ్యమని, బయటపడిందన్న ఆధారం లేకుండా పదేపదే మార్పించవద్దని చెప్పింది. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపిన పొడవైన పాస్‌వర్డ్, ప్రతి ఖాతాకూ వేరు, దానికి తోడు రెండో దశ ధ్రువీకరణ (ఫోనుకు వచ్చే కోడ్ లాంటిది): పిల్లలకు ఈ మూడూ చాలు. ఒకచోట లీకైన పాస్‌వర్డ్‌ను దొంగలు వంద చోట్ల ప్రయత్నిస్తారన్న కారణం కూడా చెబితే ‘వేరు వేరుగా’ ఎందుకో అర్థమవుతుంది.

చట్టాలు, యాప్‌లు

పిల్లలను కాపాడే భారాన్ని వయసు నిబంధనలే తీసుకుంటాయని ఆశపడేవాళ్లున్నారు. అమెరికాలో 1998 నాటి చట్టం 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంది. ఐరోపా సమాఖ్యలో ఆ హద్దు దేశాన్ని బట్టి 13 నుంచి 16 మధ్య ఉంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లకు ప్రధాన సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండకూడదని అమలు మొదలుపెట్టింది. సంస్థలకు ముకుతాడు వేయడానికి ఇలాంటి చట్టాలు అవసరమే. కానీ పదహారో పుట్టినరోజున తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు, అంతకుముందు ఏమీ నేర్చుకోని విద్యార్థి ఏం చేస్తాడన్నదానికి చట్టంలో సమాధానం ఉండదు. ఐరోపాలో పిల్లల ఇంటర్నెట్ వాడకాన్ని ఏళ్లుగా పరిశీలిస్తున్న ‘ఈయూ కిడ్స్ ఆన్‌లైన్’ పరిశోధకులు కూడా ఇదే సంగతి చెబుతారు: కట్టడి వల్ల పిల్లలకు ప్రమాదాలు తగ్గుతాయి, వాటితోపాటు అవకాశాలూ, నైపుణ్యాలూ తగ్గుతాయి.

పాఠశాలలు తమను తాము చూసుకోవాల్సిన చోటు కూడా ఒకటుంది. కరోనా కాలంలో 49 దేశాల్లో ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. వాటిలో 89 శాతం పిల్లల సమాచారాన్ని వారి హక్కులకు భంగం కలిగించే లేదా కలిగించగల రీతిలో వాడుతున్నాయని తేలింది. వ్యక్తిగత సమాచారం ఎవరికీ ఇవ్వవద్దని ఉదయం చెప్పి, మధ్యాహ్నం హోంవర్క్ కోసం పేరు, పుట్టిన తేదీ, ఫొటో అడిగే యాప్‌ను పెట్టుకోమంటే ఆ పాఠానికి విలువ ఉండదు. బడి వాడే యాప్‌నే పాఠంగా తీసుకోవచ్చు. అది అడిగే అనుమతులన్నీ బల్ల మీద రాసి, నిఘంటువు చూపించే యాప్‌కు లొకేషన్ ఎందుకు, కాంటాక్టులు ఎందుకు అని పిల్లలనే ప్రశ్నించనివ్వాలి. అవసరం లేని అనుమతిని తీసేసి, యాప్ ఇంకా పనిచేస్తోందో లేదో అప్పుడే చూడాలి.

ఫిన్లాండ్ 2016లో అమల్లోకి తెచ్చిన పాఠ్యప్రణాళిక ఇలాంటి చదువును ఒక్క కంప్యూటర్ పీరియడ్‌కు కట్టేయకుండా ‘బహుళ అక్షరాస్యత’గా అన్ని సబ్జెక్టుల్లో కలిపింది. గణాంకాలు ఎలా తప్పుదారి పట్టిస్తాయో లెక్కల ఉపాధ్యాయుడు, ప్రచార యుద్ధాల గురించి చరిత్ర ఉపాధ్యాయుడు, బొమ్మను కత్తిరిస్తే అర్థం ఎలా మారుతుందో చిత్రకళ ఉపాధ్యాయుడు చెప్పగలుగుతారు. ఏ ఒక్కరి మీదా భారం పడదు, పిల్లలకు ఒకే మాట పది వైపుల నుంచి వినిపిస్తుంది.

పొరపాటు జరిగిన తర్వాతి గంట

ఎంత చదవడం నేర్పినా కొందరు పిల్లలు చిక్కుకుంటారు. ఇప్పుడు అన్నిటికన్నా భయపెడుతున్నది ఫొటోలతో బెదిరించి డబ్బు గుంజే నేరం. 2021 అక్టోబర్ నుంచి 2023 మార్చి వరకు మైనర్లపై ఇలాంటి బెదిరింపుల గురించి అమెరికా దర్యాప్తు సంస్థలకు 13,000కు పైగా ఫిర్యాదులు అందాయని ఎఫ్‌బీఐ ప్రకటించింది. బాధితులు కనీసం 12,600 మంది, ఎక్కువమంది అబ్బాయిలే. కనీసం 20 మంది ప్రాణాలు తీసుకున్నారు.

ఇది జరిగే తీరు దాదాపు ప్రతిసారీ ఒకటే. తోటి వయసు అమ్మాయి ఫొటోతో ఒక ఖాతా పలకరిస్తుంది. ఇద్దరికీ తెలిసిన స్నేహితులు ఉన్నట్టు కనిపిస్తుంది. కాసేపటికే మరో యాప్‌కు రమ్మంటుంది. ముందుగా తనే ఒక ఫొటో పంపి, నువ్వూ పంపమంటుంది. పంపిన మరుక్షణం గొంతు మారుతుంది. కుర్రవాడి ఫొటో పక్కన అతని స్నేహితుల, బంధువుల జాబితా స్క్రీన్‌షాట్ ప్రత్యక్షమవుతుంది. గంటలో డబ్బు పంపకపోతే ఇందరికీ చేరుతుందంటారు. నిమిషాలు లెక్కపెడుతూ ఒత్తిడి పెంచుతారు. అవతల ఉన్నది అమ్మాయి కాదు, ఇదే వృత్తిగా పెట్టుకుని ఒకేసారి అనేకమందికి ఇదే సందేశం పంపుతున్న ముఠా అని ఆ కుర్రవాడికి తట్టదు. లోకంలో ఇలాంటి తప్పు తానొక్కడే చేశానని నమ్ముతాడు.

ఆ గంటలో అతనికి గుర్తు రావాల్సిన పనులు కొన్నే. డబ్బు పంపకూడదు, ఎందుకంటే పంపినవాణ్ని మళ్లీ అడుగుతారు. సందేశాలు చెరిపేయకూడదు, అవే ఆధారం. స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఖాతాపై ఫిర్యాదు చేసి, బ్లాక్ చేయాలి. వెంటనే ఒక పెద్దవారికి చెప్పాలి. ఫొటో వ్యాపించకుండా ఆపే దారి కూడా ఉంది. అమెరికాలోని తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కేంద్రం నడిపే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవను 18 ఏళ్లలోపు తీసిన ఫొటోల కోసం ఏ దేశం నుంచైనా వాడుకోవచ్చు. అందులో ఫొటో ఎవరికీ పంపనక్కర్లేదు. ఫోనులోనే ఆ ఫొటోకు వేలిముద్ర లాంటి ఒక సంఖ్య తయారవుతుంది, ఆ సంఖ్య మాత్రమే బయటికి వెళుతుంది. ఈ ఏర్పాటులో చేరిన సంస్థలు తమ దగ్గర అదే వేలిముద్రతో ఉన్న ఫొటోను పట్టుకుని తొలగిస్తాయి. చేరని సైట్లలో, రహస్య సంకేత రూపంలో సాగే సంభాషణల్లో ఇది పనిచేయదన్న పరిమితి ఉన్నా, అంతా అయిపోయిందనుకున్న పిల్లవాడికి ఇంకా చేయగలిగింది ఉందని తెలియడమే పెద్ద ఊరట.

ఇన్ని మార్గాలున్నా పిల్లలు నోరు విప్పరు. కారణం చాలావరకు మనం చెప్పిన పాఠంలోనే ఉంది. ‘ఫొటోలు పంపవద్దని చెప్పాం కదా’ అనే మాట వాళ్ల చెవిలో ముందే మోగుతుంటుంది. ఫోను లాక్కుంటారని, ఇంట్లో తెలిస్తే తల ఎత్తుకోలేనని భయం. నేరగాడు ఆ భయం మీదే బతుకుతాడు. అసలు ఏ ఫొటో పంపని పిల్లల ముఖాలతో కూడా కృత్రిమ మేధ సాయంతో నకిలీ చిత్రాలు తయారవుతున్న కాలంలో, బాధితుల తప్పును వెతికే పాఠం ఎవరినీ కాపాడదు. ‘నీ వల్ల పొరపాటు జరిగినా సరే, ఫోను తీసుకోను, తిట్టను, ముందు నాతో చెప్పు’ అని ఏమీ జరగకముందే, ఒకసారి కాదు పలుమార్లు, పెద్దల నోటి నుంచి పిల్లలు వినాలి.

విన్న పిల్లవాడు ఒక ఉదయం నిజంగానే ఉపాధ్యాయురాలి దగ్గరికి వచ్చి నిలబడితే ఏం జరుగుతుందో పాఠశాల ముందే రాసి పెట్టుకోవాలి. అతన్ని ఎవరితో కూర్చోబెట్టాలి, ఇంటికి ఎవరు ఫోన్ చేయాలి, ఎంతసేపు ఒంటరిగా వదలకూడదు, పోలీసులకు ఎప్పుడు చెప్పాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: సాక్ష్యం కోసమని ఆ ఫొటోను ఉపాధ్యాయురాలు తన ఫోనులోకి పంపించుకోవడం, ప్రధానోపాధ్యాయుడికి పంపడం చాలా దేశాల్లో నేరమే అవుతుంది, పిల్లవాడికి రెండోసారి అవమానమూ అవుతుంది. ఆమె ఆ ఫొటో చూడనక్కర్లేదు. ఫోనును బల్ల మీద బోర్లించి పెట్టమని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోమని చెప్పి, ‘నాకు చెప్పి మంచి పని చేశావు’ అని మొదలుపెడితే చాలు.